గీత మారింది... ఆట రాత?

కబడ్డీ కోర్టు గీయాలంటే కాస్త సున్నం చాలు. జిల్లా గీత గీయాలంటే జీవో కావాలి. 2016 అక్టోబరు 11, దసరా రోజు. తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. రంగారెడ్డి మూడు ముక్కలైంది... రంగారెడ్డి, మేడ్చల్‌-మల్కాజిగిరి, వికారాబాద్‌. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కూడా వచ్చి లెక్క 33కు చేరింది. కొత్త కలెక్టరేటు వచ్చింది, కొత్త ఎస్పీ వచ్చారు, దుకాణాల బోర్డుల మీద జిల్లా పేరు మారింది. మరి తాండూరులో ఖోఖో ఆడే అమ్మాయి ఇక మీదట ఏ జిల్లా తరఫున ఆడాలి?

వినడానికి చిన్న ప్రశ్నే. జవాబు మాత్రం ఒక్కటి కాదు.

పాత రంగారెడ్డిని ఒకసారి గుర్తు చేసుకోండి. 1978లో హైదరాబాద్‌ జిల్లాను విడదీసి ఏర్పాటు చేసిన జిల్లా అది. నగరం చుట్టూ గొడుగులా పరుచుకుని ఉండేది. ఈ చివర కర్ణాటక సరిహద్దులో తాండూరు, ఆ చివర నగరం అవతల ఘట్‌కేసర్‌. మధ్యలో కూకట్‌పల్లి, మల్కాజిగిరి లాంటి పట్నం బస్తీలు. నాపరాళ్ల గనుల పక్క బడిలో చదివే పిల్లా, నగరంలో కోచింగు తీసుకునే పిల్లా ఒకే జట్టులో చోటు కోసం పోటీ పడాలి. సెలక్షన్స్‌ నగరం అంచున పెట్టారంటే తాండూరు పిల్లలకు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. తెల్లవారుజామున రైలెక్కి, నగరంలో దిగి, మళ్లీ సిటీ బస్సు పట్టుకుని మైదానం చేరేసరికే సగం ఓపిక అయిపోతుంది. ఆ తర్వాత ఆడాలి!

అందుకే జిల్లా విడిపోవడం ఆటల పిల్లలకు పండగే అవ్వాలి. తాండూరు నుంచి వికారాబాద్‌ రైల్లో గంట లోపు దారి. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. పైగా కబడ్డీ జట్టంటే 12 మంది. ఒక జిల్లా మూడైతే 12 చోట్లు 36 అవుతాయి. పట్నం పోటీ లేకుండా వికారాబాద్‌, తాండూరు, పరిగి పిల్లలకే 12 చోట్లు!

కానీ లెక్క అంత నేరుగా సాగలేదు.

ఎవరి పటం వారిదే

జిల్లాలను విడదీసింది ప్రభుత్వం. ఆటల సంఘాలు ప్రభుత్వానివి కావు. కబడ్డీకో సంఘం, ఖోఖోకో సంఘం, హ్యాండ్‌బాల్‌కో సంఘం... ఒక్కోటీ విడిగా రిజిస్టరై, రాష్ట్ర సంఘం కింద, ఆపైన జాతీయ సమాఖ్య కింద పనిచేస్తుంది. జీవో వచ్చినంత మాత్రాన సంఘం దానంతటదే మూడు కాదు. కొత్త కార్యవర్గం ఏర్పడాలి, రాష్ట్ర సంఘం గుర్తించాలి. కొందరు త్వరగా విడిపోయారు, కొందరు పాత పటాన్నే పట్టుకున్నారు. బడి పిల్లల ఎస్‌జీఎఫ్‌ పోటీల సంగతి చూడండి. 2016 తర్వాత కూడా ఏళ్ల తరబడి రాష్ట్రస్థాయికి ‘ఉమ్మడి జిల్లా’ జట్లే వెళ్లాయి. అంటే మండలంలో గెలిచి, కొత్త జిల్లాలో గెలిచి, ఆ పైమెట్టు దగ్గర మళ్లీ పాత రంగారెడ్డిలోనే నిలబడాలి. ప్రభుత్వం నిర్వహించిన సీఎం కప్‌కు మాత్రం 33 జిల్లాల జట్లూ వచ్చాయి. ఒకే అమ్మాయి ఒక పోటీలో వికారాబాద్‌ క్రీడాకారిణి, మరో పోటీలో ఉమ్మడి రంగారెడ్డి క్రీడాకారిణి.

పాత పటాన్ని పట్టుకున్నవాళ్లని తిట్టడం తేలికే. ఖర్చు సంగతి చూస్తే వాళ్ల బాధా అర్థమవుతుంది. పది జిల్లాల టోర్నీ అంటే 120 మంది ఆటగాళ్లు. 33 జిల్లాలైతే 396 మంది. జట్టుకో కోచ్‌, ఓ మేనేజర్‌ చొప్పున కలిపితే 462. పది జట్లను రెండు పూల్స్‌ చేస్తే 20 లీగ్‌ మ్యాచ్‌లతో సరి. 33 జట్లను ఎనిమిది పూల్స్‌ చేస్తే 52. నాకౌట్లు వేరే. వీళ్లందరికీ పడుకోవడానికి చోటు కావాలి, మూడు పూటలా భోజనం కావాలి. ఐపీఎల్‌ మ్యాచ్‌ అయితే టికెట్లున్నాయి, టీవీ హక్కులున్నాయి. ఖోఖో చూడటానికి టికెట్టు కొనేదెవరు? 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ఖోఖో ప్రపంచకప్‌లో మన పురుషులూ, మహిళలూ ఇద్దరూ విజేతలే. అయినా జిల్లా ఖోఖో టోర్నీకి భోజనాల ఖర్చు ఎవరిస్తారా అని వెతుక్కోవాల్సిందే.

అమెరికాలోనూ ఇదే గోల

డబ్బున్న చోట ఈ చిక్కు ఉండదనుకుంటే పొరపాటు. అమెరికాలో కాలేజీలు ‘కాన్ఫరెన్స్‌’ల పేరుతో జట్టు కడతాయి. మన ఉమ్మడి జిల్లాల్లాంటివే అనుకోండి. ఒకప్పుడు ఇరుగుపొరుగు కాలేజీలన్నీ ఒక గుంపు. టీవీలో ఫుట్‌బాల్‌కు కోట్ల డాలర్లు వచ్చేసరికి గీతలు చెరిగాయి. 1896లో పుట్టిన బిగ్‌ టెన్‌ అనే గుంపులోకి 2024 ఆగస్టులో లాస్‌ ఏంజెలెస్‌ కాలేజీలు చేరాయి. పేరులో పది, లెక్కకు పద్దెనిమిది! అట్లాంటిక్‌ తీరం పేరు పెట్టుకున్న మరో గుంపులోకి పసిఫిక్‌ తీరంలోని స్టాన్‌ఫర్డ్‌ వచ్చి చేరింది.

ఫుట్‌బాల్‌ జట్టుకు సీజన్‌లో ఓ డజను మ్యాచ్‌లు, అందులో సగం సొంతూళ్లోనే. విమానమెక్కి వెళ్లి రావడం పెద్ద కష్టం కాదు. వాలీబాల్‌ అమ్మాయిలు దాదాపు వారానికి రెండు మ్యాచ్‌లు ఆడతారు. ఫుట్‌బాల్‌ కోసం గీసిన గీత వెంట దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి వాళ్లూ తిరగాలి, మధ్యలో పరీక్షలూ రాయాలి. అయితే అక్కడే ఒక దారీ ఉంది. పడమటి కాలేజీలు 1992లోనే రాబడి తక్కువ ఆటల కోసం మౌంటెన్‌ పసిఫిక్‌ స్పోర్ట్స్‌ ఫెడరేషన్‌ అని విడిగా ఒక గుంపు పెట్టుకున్నాయి. ఫుట్‌బాల్‌ ఏ గుంపులో ఆడినా పురుషుల వాలీబాల్‌, వాటర్‌పోలో లాంటివి ఇందులో ఆడుకోవచ్చు. ఆటను బట్టి గీత.

మన దగ్గరా ఇది కుదరనిదేం కాదు. కొత్త జిల్లాలో పూర్తి జట్టు కట్టాలి. రాష్ట్ర టోర్నీకి 33 జట్లు బరువనుకుంటే, పక్కపక్క జిల్లాలకు ముందు చిన్న పోటీ పెట్టి గెలిచిన జట్టును పంపాలి. 12 మందిని ఏరి ఉమ్మడి జట్టు కట్టడం వేరు, గెలిచిన జట్టు జట్టుగా వెళ్లడం వేరు. రెండో దాంట్లో సెలక్టర్ల దయతో పని లేదు. ఆ పోటీ కూడా ఏటా నగరంలోనే కాకుండా ఓసారి తాండూరులో పెడితే, పట్నం పిల్లలకూ ఆ రైలు ప్రయాణం తెలిసొస్తుంది.

ఉద్యోగాల విషయంలో మనవాళ్లు ఊరుకోలేదు కదా. 2018 జోనల్‌ విధానంలో వికారాబాద్‌ను జోగుళాంబ జోన్‌లో వేస్తే, పట్టుబట్టి 2021లో చార్మినార్‌ జోన్‌లోకి మార్పించుకున్నారు. ఆటల గీత గురించి అంత గట్టిగా అడిగినవాళ్లు తక్కువ.

నిజానికి ఆటల గీత కూడా ఉద్యోగాల గీతే. తెలంగాణ ప్రభుత్వ కొలువుల్లో క్రీడాకారులకు రెండు శాతం రిజర్వేషన్‌ ఉంది. దానికి సర్టిఫికెట్లను ఫారం-1 నుంచి ఫారం-4 వరకు విడదీశారు. అంతర్జాతీయ పోటీలకు ఒకటి, జాతీయ పోటీలకు రెండు, విశ్వవిద్యాలయాల మధ్య పోటీలకు మూడు, జాతీయ పాఠశాలల పోటీలకు నాలుగు. జిల్లా టోర్నీ కప్పు షోకేసులోకి పనికొస్తుంది, ఈ ఫారాల్లోకి ఎక్కదు. రాష్ట్ర జట్టులోకి వెళితేనే ఫారం-4. ఆ దారి జిల్లా జట్టు గుండానే.

డిగ్రీకి వెళ్లాక మరో పటం తెరవాలి. అక్కడ జిల్లాతో పనిలేదు, విశ్వవిద్యాలయమే గీత. వికారాబాద్‌, తాండూరు కాలేజీలు ఉస్మానియా కిందివి. అంతర కళాశాలల పోటీల్లో నగరం కాలేజీలను దాటి విశ్వవిద్యాలయ జట్టులో చోటు సంపాదించాలి. ఆ తర్వాత సౌత్‌జోన్‌ పోటీలు. పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో మహబూబ్‌నగర్‌ జిల్లా కాలేజీల కోసం ఏర్పడింది. కొడంగల్‌ అప్పట్లో ఆ జిల్లాలోదే. 2016లో కొడంగల్‌ వికారాబాద్‌ జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారితే కాలేజీ అనుబంధం దానంతటదే మారదు. ఇంటర్‌ అయ్యాక కాలేజీ దరఖాస్తు నింపేటప్పుడు ఫీజు, హాస్టలుతో పాటు ఆటగాడున్న ఇంట్లో ఈ అనుబంధం సంగతీ ఓసారి పీడీ గారిని అడగండి. చాలామంది అడ్మిషన్‌ అయ్యాకే అడుగుతున్నారు.