మురుగుకూ ఊరి లెక్క ఉండాలి

గుంటూరు, ప్రకాశం మైదానంలో కాలుష్యం మాటెత్తితే వచ్చే జవాబు ఒకటే: ఇక్కడున్నవి పత్తి మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, చిన్నాచితకా అద్దకం షెడ్లు; ఆ గొడవ మందుల ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు వాళ్ళది. పైగా మురుగులో వదిలే నీటికి చట్టమే సడలింపు ఇచ్చిందని, ఊరికో పరిమితి అక్కర్లేదని వాదన. ఈ వాదన నిలవదు.

సడలింపు ఉన్నమాట నిజమే. పర్యావరణ పరిరక్షణ నిబంధనల ఆరో షెడ్యూలు ప్రకారం వాగులో వదిలే నీటిలో బీఓడీ (సేంద్రియ మలినాల కొలత) లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. ప్రజా మురుగు వ్యవస్థలోకైతే 350 దాకా వదలొచ్చు. సీసానికి 0.1 బదులు 1. అయితే ఆ మురుగు సూక్ష్మజీవులతో శుద్ధిచేసే కేంద్రానికి చేరాలన్న షరతు కూడా అక్కడే ఉంది. చేరకపోతే వాగులో వదిలినట్టే లెక్క.

అద్దకం షెడ్డు ముందున్న సైడు కాలువ ఏ కేంద్రానికి చేరుతోంది?

చీరాల, మంగళగిరి నేతకు కావలసిన నూలు చిలపల్ని కాస్టిక్ సోడా, హైడ్రోస్ కలిపిన వేడి రంగునీళ్ళలో ముంచి, పిండి, కడుగుతారు. రియాక్టివ్ రంగులైతే నూలుకు పట్టడానికి ఉప్పు దండిగా వేయాలి. ఆ ఉప్పు నూలులో మిగలదు, తొట్టె నీళ్ళతో సైడు కాలువలోకి, అక్కణ్ణుంచి వాగులోకి పోతుంది. నీలం నురగ అందరికీ కనబడుతుంది, ఉప్పు కనబడదు. శుద్ధి కేంద్రం ఉన్నా సూక్ష్మజీవులు దాన్ని తినవు.

దాని దెబ్బ తగిలేది పొలానికి. పత్తి ఉప్పును బాగా ఓర్చుకుంటుంది. నేలలో లవణీయత మీటరుకు 7.7 డెసీసీమెన్స్ దాటాకే దిగుబడి తగ్గుతుంది. మిరపకు ఆ గీత 1.5 దగ్గరే. సాగు కాలువ చివరి భూముల్లో నీళ్ళందక వాగుకు ఇంజను పెట్టుకునే మిరప రైతు సంగతి ఢిల్లీలో రాసిన పట్టికకు తెలియదు. అమెరికాలో పరిశ్రమల మురుగు తీసుకునే నగరాలు తమ శుద్ధి కేంద్రం ఎంత మోయగలదో, నీళ్ళు, బురద ఎటు పోతాయో చూసుకుని స్థానిక పరిమితులు పెట్టుకుంటాయి. ఇక్కడ ఆ లెక్క మిరప చేనునుంచి మొదలవ్వాలి.

మురుగులో కలిస్తే పలచబడుతుందంటారు. పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం శుద్ధిచేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో బయటపెట్టారు. బీఓడీ పరీక్ష పట్టుకోలేని విషమది. తర్వాత ఆ కేంద్రం నీటిని 18 కిలోమీటర్ల పైపులైనుతో హైదరాబాదు మురుగులో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్ళించారు. పలచబడ్డంత మాత్రాన మందు మాయమైపోదు.

చేనేత కడుపు కొడతారా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనది. చిన్న అద్దకందారు సొంతంగా శుద్ధి యంత్రం పెట్టుకోలేడు. ఉప్పును వేరుచేసే ఏర్పాటుతో ఉమ్మడి అద్దకశాల కట్టివ్వాల్సింది ప్రభుత్వమే. తిరుప్పూరులో అద్దకం యూనిట్లను ఏళ్ళ తరబడి చూసీచూడనట్టు వదిలేస్తే నొయ్యల్ నది పాడైంది, రైతులు కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు 700కు పైగా యూనిట్లను మూయించింది. పనివాళ్ళు రోడ్డున పడ్డారు. మొదట్నుంచీ గట్టిగా ఉండుంటే ఆ గతి పట్టేది కాదు.

గుంటూరు భూగర్భ డ్రైనేజీలో ఏ యూనిట్‌కు కనెక్షన్ ఇచ్చినా ఆ రోజే అనుమతి పత్రంలో ఉప్పుకు, రంగుకు, లోహాలకు అంకెలు రాయాలి. నీళ్ళు బయటికొచ్చే చోట మీటరు బిగించాలి, ఆ రీడింగులు కింది ఊళ్ళ పంచాయతీలకూ పంపాలి.