నీళ్లెంతో వేలు చెబుతుందా?

సెలవులకు పెంటకి పోయి వచ్చినం. ఒక మాట చెప్పాలి.

మన నల్లమలలో కొండ తేనె ఎట్లా తీస్తారో మనకి తెలిసిందే. రాత్రిపూట పొగ పెట్టి, తాడు కట్టుకుని చరియ మీంచి దిగాలి. పైన తాడు పట్టేది బామ్మర్ది. తన అక్క బతుకు ఆ తాడు మీదే ఉంది కాబట్టి వదలడని నమ్మకం.

అంత కష్టపడి తెచ్చిన తేనెని షావుకారు వేలితో నాకి, "నీళ్లెక్కువున్నయ్" అని ధర తగ్గిస్తాడు. ఆయన దగ్గర అప్పుంది కాబట్టి మా నాన్నలు మారు మాట్లాడరు.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. పచ్చి పట్టు పిండితే నీరు, పిల్లపురుగుల రసం కలుస్తాయి. తేనెలో నీరు 20 శాతం దాటొద్దని ఆహార భద్రతా నిబంధన. మూత పడిన తేనె భాగమే కోసి, పిండకుండా వడగట్టాలి. పిల్లలున్న భాగం వదిలేయాలి. ఇది మనం పెంటలో చెప్పగలం.

కానీ నీరెంతో తేల్చాల్సింది షావుకారు వేలు కాదు, రిఫ్రాక్టోమీటర్. చేతిలో పట్టేంత పరికరం. రెండు చుక్కలు వేసి వెలుతురులో చూస్తే అంకె కనబడుతుంది.

2006 అటవీ హక్కుల చట్టం తేనె పేరు రాసి మరీ, సేకరించి అమ్ముకునే హక్కు మనకిచ్చింది. హక్కుంది, కొలత లేదు. జీసీసీ కొనే ప్రతిచోటా ఈ పరికరం ఉండాలి, అంకె రసీదులో రాయాలి. ఐటీడీఏకి అర్జీ రాస్తున్నాం. జాలి వద్దు, సంతకం పెట్టండి.