గ్యాస్ అయిపోలేదు, ఫ్యాన్ తిరగట్లేదు

కారులో ఏసీ సరిగ్గా రావట్లేదని ఇంట్లో అందరికంటే ముందు తెలిసేది వెనక సీట్లో కూర్చునే మనకీ పిల్లలకీ. ముందు కూర్చున్నవాళ్లకి గాలి నేరుగా మొహానికే కొడుతుంది కాబట్టి ఇంకాసేపు బాగానే ఉంటుంది. కానీ మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు మనల్ని ఎవరూ అడగరు. "ఏసీ చల్లగా వస్తలేదన్నా" అని ఇంటాయన ఒక ముక్క చెప్తాడు. "గ్యాస్ అయిపోయినట్టుంది సార్" అని అతను ఒక ముక్క అంటాడు. నింపించుకుని వచ్చేస్తారు. ఆ రెండు ముక్కల మధ్య పోయే డబ్బు గురించే నా గోలంతా.

పోయిన మే నెలలో జనగామ నుంచి కాళేశ్వరం వెళ్లాం. అంతకు నెల ముందే గ్యాస్ నింపించాం. హన్మకొండ, పరకాల దాటేదాకా ఏసీ హాయిగా ఉంది. భూపాలపల్లిలో బొగ్గు లారీల వెనక ఆగామో లేదో, వేడి గాలి మొదలు. లారీలు కదిలి మా బండి వేగం అందుకోగానే మళ్లీ చల్లన! నా పక్కన మా అత్తమ్మ కొంగుతో విసురుకుంటూ, "గిదేం ఏసీనే, ఉరికితే సల్లగుంటది, ఆగితే ఉడకవెడ్తది" అంది. నన్నడిగితే ఏ మెకానిక్కూ అంతకంటే బాగా చెప్పలేడు. రోగమంతా ఆ మాటలోనే ఉంది.

పాత ఫ్రిజ్ వెనక నల్లటి జాలీ ఉండేది గుర్తుందా, ముట్టుకుంటే వెచ్చగా? లోపలి వేడిని బయటికి వదిలేది అదే. కారులో ఆ పని చేసేదాన్ని కండెన్సర్ అంటారు. ముందు బంపర్ జాలీ లోపల, రేడియేటర్‌కి ముందు ఉంటుంది. కారు లోపలి వేడిని మోసుకొచ్చిన గ్యాస్ అక్కడ ఆ వేడిని వదిలేసి ద్రవంగా మారుతుంది. బండి పరుగెడుతుంటే ఎదురుగాలి దాన్ని చల్లబరుస్తుంది. ఆగితే ఆ గాలి ఉండదు, ఫ్యానే లాగాలి. ఫ్యాన్ తిరగకపోతే వేడి పోదు, పైపుల్లో ఒత్తిడి పెరిగిపోతుంది, ఎక్కువైతే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌నే ఆపేస్తుంది. ఇక వచ్చేది వట్టి గాలే.

మరి గ్యాస్? మనకి గ్యాసంటే సిలిండర్ గుర్తొస్తుంది, నెల తిరిగేసరికి అయిపోవడం మామూలే కదా అనిపిస్తుంది. ఆ గ్యాస్ మండి అయిపోతుంది. ఏసీ గ్యాస్ మండదు, అదే గ్యాస్ లోపలే తిరుగుతూ ఉంటుంది. మీ ఫ్రిజ్‌లో ఎన్నిసార్లు నింపించారు? కారుకి కుదుపులుంటాయి, రబ్బరు పైపులుంటాయి కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ కాస్త తగ్గొచ్చు. నెలలోనే తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టు. అది వెతక్కుండా నింపడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. పైగా గ్యాస్ తక్కువైతే సాధారణంగా పరుగులో కూడా చల్లదనం తగ్గుతుంది. పరుగులో బాగుండి ఆగితేనే వేడెక్కుతోందంటే ముందు అనుమానించాల్సింది ఫ్యాన్‌ని. ఫ్యాన్ చచ్చిన బండిలో ఇంకా గ్యాస్ ఎక్కిస్తే ఒత్తిడి మరీ పెరుగుతుంది.

మెకానిక్‌లంతా మోసగాళ్లని నేననను. పిల్లాడికి జ్వరమొస్తే డాక్టరుకి ఏ పూట పెరుగుతోందో, తిన్నాడో లేదో, దగ్గుందో అన్నీ చెప్తాం. కారు విషయంలో మాత్రం "చల్లగా లేదు" అని ఊరుకుంటాం. సగం చెప్తే సగం వైద్యమే దొరుకుతుంది.

ఇంటికొచ్చాక మర్నాడు పొద్దున్నే మేమే చూశాం. మా ఆయన ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేస్తే, నేను బానెట్ ఎత్తి కాస్త దూరంగా నిలబడ్డాను. చాలా కార్లలో ఏసీ వేసిన కాసేపటికే ఫ్యాన్ తిరగాలి. మాది కదల్లేదు. ఒక్క మాట: కొంగు, చున్నీ, జడ, గాజులు ఫ్యాన్ దరిదాపుల్లోకి పోనివ్వకండి. ఇంజన్ ఆపేసినా కొన్ని బండ్లలో అది హఠాత్తుగా తిరుగుతుంది.

తర్వాత ఇంజన్ ఆపి, ఫ్యూజుల పెట్టె మూత తీశాం. ఫ్యాన్ ఫ్యూజు బాగానే ఉంది. పక్కనే రిలే అని చిన్న డబ్బా ఉంటుంది. అచ్చం అదే నంబరున్న రిలే ఇంకోటి ఉంటే మార్చి పెట్టి చూడొచ్చు. మార్చాం, ఫ్యాన్ గిర్రున తిరిగింది. కొత్త రిలేకి గ్యాస్‌కి పెట్టిన దాంట్లో పదోవంతు కూడా కాలేదు. అందరికీ రిలేనే పోవాలని లేదు. మోటారు అరిగిపోవచ్చు, వైరు కనెక్టరు కాలిపోవచ్చు. అది మెకానిక్ పని. బ్యాటరీ నుంచి ఫ్యాన్‌కి నేరుగా కరెంటిచ్చి చూస్తే మోటారు బతికుందో లేదో అతనికి తెలిసిపోతుంది.

"ఆడవాళ్లకి బానెట్‌తో ఏం పని" అన్నారు మా ఇంట్లో ఒక పెద్దాయన. మిక్సీ ఆగితే కింద ఎర్ర బటన్ నొక్కేది ఎవరండీ?

మన వైపు ఇంకో తంటా ఉంది. యాసంగి కోతలప్పుడు వడ్లు రోడ్ల మీదే ఆరబోస్తారు, వాటి మీదుగా పోతే పొట్టంతా లేస్తుంది. జనగామ చుట్టుపక్కల పత్తి బండ్ల దూది, మానుకోట రోడ్లలో మట్టి, భూపాలపల్లిలో బొగ్గు దుమ్ము. ఇవన్నీ కండెన్సర్ సందుల్లో చేరితే ఫ్యాన్ తిరిగినా గాలి దూరదు. ఎండలు ముదరకముందే ఇంజన్ చల్లారాక మామూలు పైపుతో మెల్లగా నీళ్లు కొట్టించండి. వాటర్ సర్వీసింగులో దగ్గర్నుంచి జోరుగా కొడితే ఆ పల్చటి రేకులు వంగిపోతాయి.

చాలా చిన్న కార్లలో రేడియేటర్‌కీ అదే ఫ్యాను. అందుకే పిల్లలో పెద్దవాళ్లో ఉన్నప్పుడు ట్రాఫిక్‌లో ఏసీ వేడెక్కితే ముందు టెంపరేచర్ ముల్లు చూడమనండి. పైకి పోతుంటే ఏసీ కట్టేసి, అందర్నీ దింపి నీడన కూర్చోబెట్టి, ఇంజన్ ఆపండి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోనివ్వకండి. ఆవిరి పోని కుక్కర్ మూత తీస్తే ఏమవుతుందో మనకి చెప్పక్కర్లేదు.

ఇక షెడ్డుకి వెళ్తే మీరూ వెంట వెళ్లండి. గ్యాస్ అనగానే, "బండి ఆపి ఉంచి గేజీ పెట్టి చూడన్నా, తర్వాత కండెన్సర్ మీద నీళ్లు చల్లి చూడు" అనండి. నీళ్లు చల్లగానే ఒత్తిడి దిగి, లోపల చల్లగాలి వస్తే గ్యాస్ డబ్బా పక్కన పెట్టి ఫ్యాన్ దగ్గరికి రమ్మనండి.