పడవ ఇంజినును విప్పు విద్య

ఏ యంత్రముపై మనుష్యుని జీవనమును, ఒక్కొక్కప్పుడు ప్రాణమును ఆధారపడి యుండునో, ఆ యంత్రమును విప్పి, లోపము నెఱిగి, తిరిగి కూర్చుకొను విద్య ఆ మనుష్యునకు అందుబాటులో నుండవలెనని నా దృఢాభిప్రాయము. చిన్న పడవల వెనుక తగిలించు రెండు స్ట్రోకుల ఔట్‌బోర్డు ఇంజినును దృష్టియందుంచుకొని ఈ మాట చెప్పుచున్నాను. మన తీరమున పొడుగు కడ్డీ డీజిలు ఇంజిన్లతోపాటు, ఫైబరు తెప్పలకు ఇవియు వాడుకలో నున్నవి. ఒడ్డు కనబడనంత దూరమున ఇంజిను ఆగిపోయినచో ఆ తెప్ప గాలియు కెరటమును త్రోసిన దిక్కునకు పోవలసినదే.

ఈ ఇంజిను నిర్మాణము సరళమైనది. నార్వేలో జన్మించి అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున పెరిగిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో ఇట్టి ఇంజిన్ల నిర్మాణమునకు పూనుకొన్ననాటినుండి దాని మూలసూత్రము మారలేదు. నాలుగు స్ట్రోకుల ఇంజినునందలి వాల్వులును, వాటిని ఆడించు కామ్ షాఫ్టును దీనియందు లేవు. క్రాంకు షాఫ్టు ఒక్కమారు తిరిగినంతనే ఒక్కమారు శక్తి పుట్టును. కందెననూనె పెట్రోలుతో కలిసియే లోనికి పోవును. భాగములు తక్కువ గావున బరువు తక్కువ. చిన్న ఇంజినును ఒక మనిషి భుజముపై నింటికి మోసికొని పోగలడు. ఇంటివద్దనే దానిని బాగుచేసికొనుటకు వీలు కల్పించినది ఈ సరళతయే.

అట్లని ఆ పని తేలిక యని నేననను. విప్పదలచినవాడు మొదట స్పానరు పట్టరాదు. స్పార్కు ప్లగ్గులు తీసి, గేజి పెట్టి, ఒక్కొక్క సిలిండరు కంప్రెషనును కొలిచి వ్రాసికొనవలెను. సిలిండర్ల నడుమ పదింట ఒక వంతునకు మించిన భేదము కనబడినచో రింగులనో, సిలిండరు గోడనో, గ్యాస్కెట్టునో అనుమానింపవలెను. ఉప్పునీట ఏండ్లతరబడి తిరిగిన ఇంజినునందు ఉక్కు బోల్టులు అల్యూమినియమును కఱచిపట్టి యుండును; బలము చూపినచో తలలు తెగును; తుప్పు వదలించు నూనె పోసి నాననిచ్చి, వేడి తగిలించి, కొద్దికొద్దిగా ముందునకు వెనుకకు త్రిప్పినగాని లొంగవు. సిలిండరు గోడపై గీతలు లోతుగా నున్నచో లేతు పనివానివద్ద బోరు చేయించి, కొలతకు తగిన పెద్ద పిస్టనును వేయవలెను. పిస్టను గాడిలోని చిన్న పిన్నునకు ఇరువైపుల రింగు కొనలు సరిగా కుదురవలెను. కుదురనిచో అవి పోర్టులలో చిక్కి విరుగును. హెడ్డు బోల్టులను మధ్యనుండి అంచులకు, విడతలు విడతలుగా, టార్కు రెంచితో బిగింపవలెను.

ఇంతకంటెను ముఖ్యమైన సంగతి యొకటి కలదు. సిలిండరులో పట్టుకొనిపోయిన పిస్టను లోపమునకు ఫలితమే గాని కారణము కాదు. చల్లార్చు నీటిని పైకి తోడు రబ్బరు ఇంపెల్లరు రెక్కలు విరిగి యుండవచ్చును. నీరు పారు సందులలో ఉప్పు గడ్డకట్టి యుండవచ్చును. కార్బురేటరు జెట్టు మూసికొనిపోయి యుండవచ్చును. క్రాంకు షాఫ్టు ఆయిలు సీలు అరిగి, దొంగగాలి లోనికి చొరబడి, పెట్రోలు పాలును దానితోపాటు నూనెయు తగ్గియుండవచ్చును. ఈ కారణమును వెదకక క్రొత్త పిస్టను వేసినచో అదియు అదే గతి పట్టును. ఇంజిను ఏనాడు వేడెక్కినదో, నీటిధార ఎప్పుడు సన్నగిల్లినదో, నూనె ఏ పాళ్లలో కలిపినదో ఎఱిగినవాడు దానిని నడపినవాడే గావున, కారణాన్వేషణమునందు వానికున్న సౌకర్యము దూరమందలి దుకాణములోని నిపుణునకు సైతము ఉండదు.

ఈ జాతి ఇంజిన్లు గాలిని నీటిని మలినపఱచునని పర్యావరణ హితైషులు చేయు ఆక్షేపణ న్యాయమైనదే. పాతతరపు కార్బురేటరు ఇంజిన్లలో ఇంధనమున నాలుగింట ఒక వంతు వఱకును కాలకయే వెలికిపోవును. అమెరికా ప్రభుత్వము 1996లోనే ఇట్టి ఇంజిన్లపై కాలుష్య నియమములను విధించినది. కాలక్రమమున ఇవి తొలగి, మేలైనవి రావలసినదే. కాని క్రొత్తది కొనగల స్తోమతు లేని కుటుంబము పాతదానితోనే వేటకు పోవుచున్నంతకాలము, రింగులరిగి పొగలు క్రక్కు ఇంజినుకంటె చక్కగా కూర్చిన ఇంజిను సముద్రమునకును, యజమాని సంచికిని తక్కువ నష్టము చేయును.

కావున చేయవలసినదేమి? తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు 61 దినములు మోటారు పడవల వేట నిషిద్ధము. ఇంజిన్లు ఒడ్డున విశ్రమించు ఆ కాలమే వాటిని విప్పుటకు తగిన కాలము. విశాఖపట్టణమున శాఖ గల కేంద్ర మత్స్యశిక్షణ సంస్థ సిఫ్‌నెట్ చేతిలో శిక్షకులును పనిముట్లును కలవు. ఆ సంస్థయు, తీరప్రాంతపు ఐ.టి.ఐ.లును ఈ ఋతువున మత్స్యకారుల గ్రామములకే వచ్చి ఈ విద్య గఱపవలెను. విద్య యొక్కటే చాలదు; పుస్తకమును విడిభాగములును కావలెను. 2022లో కేంద్ర ప్రభుత్వము ‘మరమ్మతు హక్కు’ పేర వ్యవసాయ పరికరములు, సెల్‌ఫోన్లు, గృహోపకరణములు, వాహనములు అను నాలుగు రంగములను పేర్కొన్నది. రైతు ట్రాక్టరునకు తగిన హక్కు మత్స్యకారుని ఇంజినునకు తగకపోవుటకు కారణము నాకు కనబడదు. ఈ ఇంజిన్లను అమ్ము ప్రతి సంస్థయు, విడిభాగముల పటములు, బిగింపు కొలతలు, నూనె పాళ్లు గల మరమ్మతు పుస్తకమును తెలుగున అచ్చువేసి ఇంజినుతోపాటు ఈయవలెనని, నకలు కాని అసలు విడిభాగములను ప్రతి రేవునకును అందింపవలెనని చట్టము శాసింపవలెను.

మత్స్యకార యువకులకు ఒక్క మాట. ఈ పనిని చేతులు మురికియగు నీచపు పనిగా నెంచకుడు. పెట్రోలు ఆవిరికి నిప్పు తగులనీయక గాలి ఆడు చోట పని చేయుడు. ప్రతి కొలతను వ్రాసికొనుడు. వేటనుండి తిరిగి వచ్చిన ప్రతిదినము ఇంజినును మంచినీటితో కడుగుడు. తెలియనిచోట తెలిసినవారి నడుగుటకు సిగ్గుపడకుడు. మీకు ఆ విద్యయు, ఆ పుస్తకమును, ఆ విడిభాగములును అందునట్లు చూచుట ప్రభుత్వముయొక్క బాధ్యత. ఆ బాధ్యతను వచ్చు వేటవిరామ కాలములోపలనే నెఱవేర్పవలసినదిగా కోరుచున్నాను.