జీపు టాపు, గాలి హోరు

మొన్న ఉగాది కలయికలో భోజనాల దగ్గర ముగ్గురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "టాపు ఊడదీసే జీపు కొన్నాం. ఊరికి బయల్దేరితే గాలి హోరుకు చెవులు దిబ్బళ్ళు పడుతున్నాయి. ఏమైనా ఉపాయం ఉందా?" అని. ఉంది. ఈసారి మన శీర్షిక దానికే.

బెళ్ళందూరులో తిరిగినంతకాలం ఈ బాధ తెలియదు. రింగురోడ్డు మీద మన బండ్లు కదిలే వేగానికి గాలి నోరెత్తదు. హోసకోటె దాటి, కోలారు రోడ్డెక్కి, ముల్లు 80 చూపించాక మొదలవుతుంది కచేరీ. అక్కణ్ణించి 100కి పెంచామంటే గాలి చేసే చప్పుడు శక్తి ఇంచుమించు 4 రెట్లవుతుంది. అందుకని ఖర్చు లేని మొదటి మందు, కాలు కొంచెం తేలిక చేయడమే.

1985లో వచ్చిన జిప్సీ మొదలు నేటి థార్ దాకా ఈ జాతి బండ్లకు గుడ్డ టాపు, గట్టి టాపు అని రెండు రకాలు వచ్చాయి. ముందు అద్దం ఇంచుమించు గోడలా నిలబడి ఉంటుంది. గాలి దానికి కొట్టుకుని అంచుల దగ్గర సుళ్ళు తిరుగుతుంది. సరిగ్గా ఆ అంచుల దగ్గరే టాపు అతుకులు ఉంటాయి. అద్దం చట్రం మీద ఒకటి, తలుపుల పైన ఒకటి, వెనక తొట్టె చుట్టూ ఒకటి. మామూలు కారుకు ఇన్ని అతుకులు ఉండవు.

"జీపన్నాక హోరు ఉండదా" అని మా అబ్బాయి కొట్టిపారేసేవాడు. వాడి పాత జీపుకు బోల్టులతో బిగించే ఫైబర్ టాపు. మా అమ్మకు ఎనభై దాటాయి, చెవి మిషను పెట్టుకుంటుంది. చిత్తూరికి నాలుగు గంటల ప్రయాణం. ఇక్కడ పుట్టిన మా పిల్లలకు ఊరి తెలుగు చెవిన పడేది ఆ నాలుగు గంటల్లోనే. ఆవిడ మిషను మాటను ఎంత పెంచుతుందో హోరునూ అంత పెంచుతుంది. ముళబాగిలు చేరేలోపే తీసి సంచిలో పెట్టేసుకుంది. ఇక ఆవిడకు మన మాట వినపడదు, పిల్లలకు కథ లేదు. తిరిగొచ్చాక, "నాయనా, ఈసారి మీరు జీపులో రండి, నేను బస్సులో వస్తా. పక్కనామె మాటలన్నా వినిపిస్తాయి" అంది. అప్పుడు కూర్చున్నాం అబ్బాయీ నేనూ, దీని అంతు చూద్దామని.

హోరంతా ఒకటే రకం కాదని ముందు గుర్తుపెట్టుకోండి. ఏది వినిపిస్తోందో తెలిస్తే మందు దానంతటదే తెలుస్తుంది.

మొదటిది ఈల. సన్నని సందులోంచి గాలి దూరితే వస్తుంది. రాత్రి పార్కింగులో ఒకరు బయట నుంచి అతుకుల వెంబడి టార్చి వేస్తే, లోపలి మనిషికి వెలుగు కనిపించిన చోటల్లా సందు ఉన్నట్టే. తలుపులో నోటు పెట్టి మూసి లాగండి. బిగువు లేకుండా జారి వచ్చిందంటే అక్కడ రబ్బరు అణగడం లేదు. ఇంకా నమ్మకమైన పని, అతుకులన్నిటికీ పైనుంచి పెయింటర్లు వాడే కాగితం టేపు అంటించి ఒకసారి నడపడం. ఈల ఆగిపోతే ఒక్కొక్క టేపూ తీస్తూ అదే రోడ్డు మీద నడపండి. ఏది తీసినప్పుడు ఈల తిరిగి వచ్చిందో దొంగ అక్కడ. పైపుతో నీళ్ళు కొట్టి చూసే పద్ధతీ ఉంది గానీ, 2024 వేసవిలో తాగునీటితో బండి కడిగితే 5000 రూపాయల జరిమానా అన్న ఊరు మనది. నాకైతే మనసొప్పదు.

రెండోది డబడబ. ఒక్క వెనక అద్దం దించినప్పుడు చెవుల్లో గుద్దినట్టు ఉంటుందే, అది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బుస్సుమని మోగుతుంది కదా, ఇదీ అంతే. బండి పెద్ద సీసా కనుక సెకనుకు సుమారు 20 సార్లే కొట్టుకుంటుంది. అంత మంద్రం చెవికి స్వరంగా తోచదు, ఒత్తిడిగా తగులుతుంది. ఎదురు మూల అద్దం రెండు వేళ్ళ మందం దించండి, ఆగిపోతుంది.

మూడోది గుమ్మనే మోత. లోపల అస్తరు లేని ఫైబర్ టాపు డప్పు చర్మంలా అదురుతుంది. దానికి లోపలివైపు మెత్తని అస్తరు వేయించాలి. పైన క్యారియర్ కడ్డీ పాడుతుంటే దానికి సన్నతాడు మెలికలుగా చుట్టండి. గాలి ఒకే లయలో విడివడదు, పాట ఆగుతుంది.

మా జీపులో మొదటిదీ మూడోదీ రెండూ ఉన్నాయి. పాత రబ్బరు బీడింగు ముక్క కోసి జె.సి. రోడ్డుకు పట్టుకెళ్ళి సరిపోయేది తెచ్చాం. ఏనుగును కొని అంకుశానికి వెనకాడితే ఎలా? బోల్టులు ఎదురెదురు మూలలు కొద్దికొద్దిగా బిగించాం. ఒకేచోట బలంగా తిప్పితే ఫైబర్ చీలుతుంది. రబ్బరుకు సిలికాన్ గ్రీజే రాయాలి. ఇంజను ఆయిలు రాస్తే ఉబ్బి పాడవుతుంది. పైన అస్తరు వేయించాం. హోరు పూర్తిగా పోయిందని చెప్పను, మాట వినపడేంత తగ్గింది. దసరాకు అమ్మ మిషను తీయకుండానే చిత్తూరు చేరింది. పలమనేరు దాకా పిల్లలకు తన చిన్ననాటి జాతర కబుర్లే.

రెండు హెచ్చరికలు. గాలి కోసమని వెనక తలుపు అద్దం ఎత్తి, ముందు అద్దాలన్నీ మూసి నడపకండి. బండి వెనక ఏర్పడే సుడి సైలెన్సరు పొగను లోపలికి లాగుతుంది. అది హోరు కంటే ప్రమాదం, పసిపిల్లలుంటే మరీను. ఇక గుడ్డ టాపుతో రిజిస్టరైన బండికి గట్టి టాపు పెట్టించే ముందు ఆర్.టి.ఓ. ఆఫీసులో కనుక్కోండి. బండిని కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది.

వేసవి సెలవులకు ఊరికి బయల్దేరేవారు ముందు ఆదివారమే ఈ టార్చి పరీక్ష కానివ్వండి. మీ బండి ఏ రాగం పాడుతోందో నాకు రాయండి. వచ్చే సంచికలో కలుద్దాం.