వట్టి గుడ్డేదో, పిల్ల గుడ్డేదో

నీళ్ళలో మునిగితే పిల్ల అవుతుంది, తేలితే కాదు - ఈ మాట నమ్మి నిరుడు ఏడు గుడ్లను పెట్ట కింద పెట్టాను. అన్నీ చక్కగా మునిగినవే! ఆ తల్లి ఇరవైయొక్క రోజులు తిండి సగం మాని కూర్చున్నది. ఒక్క పిల్లా రాలేదు. పగలగొట్టి చూస్తే రక్తపు జాడైనా లేదు. ఆ గుడ్లు పుంజు లేని ఇంటినుంచి వచ్చినవని తరువాత తెలిసింది.

మునగడం తేలడం గుడ్డు వయస్సును చెప్పునే గాని పుంజు సంగతి చెప్పదు. పెంకు పగలకుండా ఆ సంగతి ముందుగా తెలుసుకునే దారి ఇంట్లో లేదు. అదే మందలోని రెండు మూడు గుడ్లను వంటకు కొట్టినప్పుడు పచ్చసొనను పరికించవచ్చు. వట్టి గుడ్డులో అంచు చెదిరిన చిన్న తెల్లచుక్క. ఫలించినదానిలో సుమారు 4 మిల్లీమీటర్ల గుండ్రని వలయం.

తక్కినవాటికి ఏడవ రాత్రి దాకా ఆగవలసిందే. చీకటిగదిలో గుడ్డు వెడల్పు కొనకు టార్చిలైటు ఆనిస్తే, సాలెగూటివలె ఎర్రని నరాలు కనబడాలి. అంతా తేటగా ఉంటే తీసివేయాలి. కుళ్ళి పగిలితే పక్కవాటికీ చేటు.

ఈ పరీక్ష మన లాభనష్టాలకోసమే అనుకుంటాము. కాదు, అది పెట్టకు మనం పడిన బాకీ అని నా అభిప్రాయం. ఆ రాత్రి నేనొక్క దీపం పట్టి ఉంటే, దానికి రెండు వారాల వృథా తపస్సు తప్పేది.

మీ ఇళ్ళలో పెద్దలు గుడ్లను ఎలా ఎంచేవారో చెప్పరూ?