వాయించటం రాదన్నారు!

జాజ్ అనేది అమెరికాలో నల్లవాళ్ళు పుట్టించిన సంగీతం. అందులో శాక్సఫోన్ అనే వాద్యం ఉంది, మన సన్నాయిలాగా రెల్లుపీకతో ఊదేది. ఆర్నెట్ కోల్‌మన్ దాన్ని వాయించినవాడు. 1930లో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో పుట్టాడు. తెల్లపిల్లలకో బడి, నల్లపిల్లలకో బడి ఉన్న ఊరది. కుర్రతనంలో బేటన్‌రూజ్ అనే ఊళ్ళో వాయించటానికి పోతే, ఆయన్ని కొట్టి వాద్యాన్ని పాడుచేశారు.

లాస్ ఏంజెలెస్‌లో పొట్టకూటికి లిఫ్టు నడిపాడు. ఇత్తడి శాక్సఫోన్ కొనే స్తోమత లేక ప్లాస్టిక్‌ది కొనుక్కున్నాడు. దాన్ని చూసి బొమ్మ అని నవ్వారు. ఆయన వేదిక ఎక్కితే తోటివాళ్ళు దిగిపోయేవాళ్ళు.

1958లో ఆయన మొదటి రికార్డు ‘సమ్‌థింగ్ ఎల్స్’ వచ్చింది. తొమ్మిది పాటలు, తొమ్మిదీ సొంతంగా కట్టినవే. జాజ్‌లో ముందే కట్టిపెట్టుకున్న స్వరాల మెట్ల మీద నడుస్తూ కొత్త వరుసలు అల్లుతారు. కోల్‌మన్ మాత్రం పాట ఎటు లాగితే అటు పోయాడు. మనిషి గొంతు ఏడ్చినట్టు, పిలిచినట్టు స్వరాన్ని వంచాడు.

1959 చివర న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్‌లో వాయించినప్పుడు గొడవ ముదిరింది. ఇది సంగీతమే కాదన్నవాళ్ళు కొందరు, కొత్త దారి అన్నవాళ్ళు కొందరు. తర్వాత వచ్చిన ‘ఫ్రీ జాజ్’ రికార్డుకు 1962లో డౌన్‌బీట్ పత్రిక ఒకే సంచికలో రెండు సమీక్షలు వేసింది. ఒకరు అయిదు నక్షత్రాలిచ్చారు, ఇంకొకరు ఒక్కటీ ఇవ్వలేదు!

డప్పును వట్టి మోత అన్నవాళ్ళను ఎరిగిన మనకు ఈ తీర్పు కొత్త కాదు. అయితే మిత్రులారా, ఒక సంగతి దాచకూడదు. కోల్‌మన్‌ను కాదన్నవాళ్ళంతా తెల్లవాళ్ళు కాదు. నల్లజాతి పెద్దలు రాయ్ ఎల్‌డ్రిడ్జ్, మైల్స్ డేవిస్ కూడా ఎగతాళి చేశారు. మెచ్చినవాళ్ళలో నల్లవాడైన జాన్ లూయిస్ ఉన్నాడు, తెల్లవాడైన లెనార్డ్ బెర్న్‌స్టయిన్ కూడా ఉన్నాడు. ఎంతో కష్టపడి ఒక పద్ధతి నేర్చి, దాంతో గౌరవం సంపాదించుకున్నవాళ్ళకు, ఆ పద్ధతి దాటినవాడు తమ కష్టాన్ని కాలదన్నినట్టు కనబడతాడు. ఆ బాధ అబద్ధం కాదు. కాని ఆ బాధతో ఇచ్చే తీర్పు న్యాయం కాదు.

ఈ తప్పు మేమూ చేశాం. మా ఇళ్ళల్లో మొదట డిగ్రీ చదివింది మేమే. పుస్తకాల భాష నేర్చి పంతుళ్ళమయ్యాం. వాడభాషలో సరైన జవాబు రాసిన మన పిల్లలకే మార్కులు కోశాం. అప్పుడు ఎర్రసిరా కలం పట్టింది మా చెయ్యే గదా!

అమెరికాలో పులిట్జర్ పెద్ద బహుమతి. నల్లజాతి సంగీతకారుడు డ్యూక్ ఎల్లింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం ఇవ్వమని 1965లో న్యాయనిర్ణేతలు చెబితే, పై బోర్డు కాదంది. ఆ బహుమతే 2007లో కోల్‌మన్‌కు వచ్చింది. మొదటి రికార్డు వచ్చిన 49 ఏళ్ళకు! 2015లో ఆయన చనిపోయాడు. బహుమతి వచ్చింది కాబట్టి ఆయన గొప్పవాడని మేం అనటం లేదు. 1958లోనే ఆ రికార్డు ఉంది. వినటానికి చెవులు లేకపోయాయి.

కార్యకర్తలకు మా మాట ఒక్కటే. మన సభల్లో కుర్రాడో, ఆడపిల్లో తెలియని వరుస ఎత్తుకుంటే మధ్యలో ఆపకండి. పాట అయ్యేదాకా వినండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో వాళ్ళ ఎదుటే చెప్పండి. “నీకు రాదు” అనే మాట మాత్రం మన నోటినుంచి రాకూడదు.